గాలి మామయ్య మరవని బురద

తారురోడ్డు ముగిసి కంకరదారి కొండల్లోకి ఎక్కడం మొదలుపెట్టే మలుపులో ఒక టైర్ల షాపు ఉంది. ముందు రేకుల పందిరి, పందిరి కింద గాలి కొట్టే యంత్రం, దాని పక్కన చెక్కబల్ల. లోపలి గదిలో గోడ పొడవునా కొత్త టైర్లు నిలబెట్టి ఉంటాయి. ఆ గదిలో కాసేపు నిలబడితే చాలు, రబ్బరు వాసన ఒంటిమీది బట్టలను పట్టుకొని ఇంటిదాకా వస్తుంది. షాపు యజమానికి తల్లిదండ్రులు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది కాని, ఆ పేరుతో పిలిచేవారు ఇప్పుడెవరూ లేరు. దారి అడగడానికి ఆగిన బండిని కూడా టైర్లలో గాలి చూడకుండా వదలడు కనుక, ఆయన అందరికీ గాలి మామయ్య.

ఆయనకు ఒక పట్టింపు ఉంది. కొత్త టైరు కావాలని వచ్చినవారెవరైనా ముందు పాత టైరును చెక్కబల్ల మీద పెట్టాలి. మామయ్య కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, టైరు మీద అరచెయ్యి ఆనించి, నిదానంగా చుట్టూ తిప్పుతాడు. ఏ అంచు ఎక్కువ అరిగింది, పక్కభాగంలో కోతలు ఉన్నాయా, నేలను పట్టే రబ్బరు బటన్ల సందుల్లో ఏం ఇరుక్కుంది, ఇవన్నీ చేతితోనే చూస్తాడు. ఎక్కడ తిరుగుతావని మాత్రం అడగడు. అడిగితే మనుషులు తాము వెళ్లినవాటిలో అన్నిటికన్నా కష్టమైన చోటు చెబుతారే తప్ప, రోజూ వెళ్లే చోటు చెప్పరని ఆయన అనుభవం.

జీపులో తిరిగే కాంట్రాక్టరు ఒకాయన ఒక ఉదయం పందిరి కింద బండి ఆపాడు.

"మామయ్యా, నాకు బురద టైర్లే వెయ్యాలి. మనది అడవిలో తిరిగే బండి."

"ముందు పాతది బల్ల మీద పెట్టు," అన్నాడు మామయ్య. చెయ్యి ఒక చుట్టు తిరిగివచ్చాక అడిగాడు. "అడవికి ఎప్పుడు వెళ్లావు నాయనా?"

"మొన్నీమధ్యే."

"మొన్నీమధ్య అంటే?"

కాంట్రాక్టరు కాస్త ఆలోచించాడు. "నిరుడు."

"టైరు నడిమధ్య నున్నగా అరిగిపోయింది. అంటే గాలి దండిగా కొట్టించి తారురోడ్డు మీద పరుగులు పెట్టించావు. ఈ గీత చూడు, వీధి గట్టుకి రాసుకున్నది. అత్తగారింటి ముందు బండి ఆపేటప్పుడు కొంచెం కంగారుపడుతున్నట్టున్నావు."

"అత్తగారిల్లని నీకెలా తెలుసు?"

"నాకు తెలీదు. నీ మొహం చూశాక తెలిసింది."

షాపు వెనకే ఇల్లు. కిటికీలోంచి మామయ్య భార్య అందుకుంది. "అడిగిందే ఇచ్చి పంపించండి. బురద టైర్లు రోడ్డు మీద పెట్టే మోతకి, ఆ అబ్బాయి వస్తున్నాడని అత్తగారికి ఊరి బయటినుంచే తెలుస్తుంది."

కాంట్రాక్టరు నవ్వి, ఆయన ఇచ్చిన మామూలు టైర్లు వేయించుకొని వెళ్లాడు.

బురద టైర్లంటే మామయ్యకు గిట్టదని కాదు. వాటి బటన్లు పెద్దవి, మధ్య సందుల్లో వేలు దూరుతుంది. మెత్తని నేలను అవి గోళ్లతో పట్టుకున్నట్టు పట్టుకుంటాయి, ఇరుక్కున్న బురదను తిరుగుడులో విసిరిపారేస్తాయి. ఒకప్పుడు ఆయన బతుకు నడిచింది వాటి మీదే. వయసులో ఉన్నప్పుడు కొండల చివర ఉన్న పై ఊరికి జీపులో సరుకులు చేరవేసేవాడు. ఆ దారి నిండా ఎర్రమట్టి. చినుకు పడితే చాలు, పాదం పెడితే చెప్పు తిరిగి వచ్చేది కాదు. ఒక మలుపులో బండి ఇరుసుదాకా దిగబడి, దాన్ని పైకి లాగడానికి ఊరు ఊరంతా కదిలి రావలసివచ్చింది. ఆ కుదుపులకు చివరికి నడుము మొరాయించింది. డాక్టరు ఎగుడుదిగుడు దారులు వద్దన్నాడు. మామయ్య జీపు అమ్మి, ఆ దారి మొదట్లోనే షాపు పెట్టుకొని కూర్చున్నాడు.

తరువాత ఆయన కొండెక్కలేదు. ఎక్కవలసిన అవసరమూ కనిపించలేదు. దారులన్నీ టైర్ల రూపంలో ఆయన బల్ల మీదికే వచ్చేవి. ఏ క్వారీ దారిలో కొత్త కంకర పోశారో, ఏ వాగులో ఇసుక పెరిగిందో కూర్చున్నచోటే ఆయన చేతికి తెలిసేది. ఒక్క పై ఊరి దారినుంచి మాత్రం ఏ టైరూ రాలేదు. దారి సగంలో వచ్చే నడిమి ఊరు దాటాక ఉన్న కల్వర్టు ఒక వానాకాలంలో కొట్టుకుపోయింది. అప్పటినుంచి బండ్లన్నీ నడిమి ఊళ్లోనే ఆగిపోతున్నాయి. పై ఊరివాళ్లు కిందికి నడిచి దిగుతారు, నడిచి ఎక్కుతారు. ఆ దారి నుంచి తనకు కబురు అందడం లేదన్న సంగతి మామయ్య గమనించనే లేదు.

మామయ్య అక్క కూతురు ఆరోగ్య కేంద్రంలో జీపు డ్రైవరు. ఆ అమ్మాయి స్టీరింగు పట్టడం నేర్చుకున్నది షాపు వెనక ఖాళీ స్థలంలో, పాత టైర్లు వరసగా పేర్చి వాటి మధ్య బండి తిప్పుతూ. మామయ్య పక్కసీట్లో కూర్చొని ఏమీ అనేవాడు కాదు. టైరుకు బండి తగిలినప్పుడల్లా నాలుక చప్పరించేవాడు, అంతే. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో వినిపిస్తుందని, అది వినపడకుండా ఉండడానికే జాగ్రత్తగా నడుపుతానని ఆమె అందరితో చెబుతుంది.

ఆ ఏడాది కొత్త కల్వర్టు పూర్తయింది. ఆ వారమే మేనకోడలు షాపుకు వచ్చింది.

"మామయ్యా, పై ఊరికి వారం వారం బండి వెయ్యమని డాక్టరుగారిని అడిగాను. వానలు పడేలోపు ఒకసారి పైదాకా వెళ్లి రమ్మన్నారు. వెళ్లగలిగితే ప్రతివారం పంపిస్తారు."

"వెళ్లలేకపోతే?"

"ఎప్పటిలాగే వాళ్లే దిగి రావాలి. దిగలేనివాళ్లకి నర్సమ్మగారే నడిచి వెళ్లాలి. ఆవిడ మోకాళ్లు నీ నడుముకి తీసిపోవు. అందుకే, టైర్లు నువ్వే చెప్పాలి."

ఆరోగ్య కేంద్రం జీపు ఎప్పుడూ తారురోడ్డు దాటలేదు. దాని పాత టైర్లను బల్ల మీదికి ఎక్కించినా పై ఊరి సంగతి అవి చెప్పలేవు. మామయ్య ఎక్కించమని కూడా అనలేదు.

"బురద టైర్లు. ఇంకో ఆలోచనే లేదు," అన్నాడు.

"నర్సమ్మగారు మొన్న నడిచి వెళ్లారు. అంతా రాళ్లే అంటున్నారు."

"ఆవిడ నడిచి వెళ్లింది అమ్మడూ. కాలికి తగిలేది వేరు, చక్రానికి తగిలేది వేరు. ఆ దారి నాకు తెలీదా? కళ్లు మూసుకున్నా ఏ మలుపులో ఎంత దిగబడుతుందో చెప్తాను."

కిటికీలోంచి భార్య మాట వినిపించింది. "లోకమంతా పాత టైరు చూపించాలి కాని, మేనకోడలైతే అక్కర్లేదా?"

"దీనికి చూపించడానికి ఏముంది? ఆ దారిలో నేనే పాత టైరుని."

మామయ్య లోపలినుంచి పెద్ద బటన్ల టైర్లు తీసి, ఒక్కొక్కటీ తన చేతులతోనే రిమ్ముకు ఎక్కించాడు. గాలి కొట్టి, వాల్వు మీద ఉమ్మి రాసి బుడగ వస్తుందేమో చూశాడు. ఆ పని చేస్తున్నంతసేపూ ఆయన ముఖంలో ఒక వెలుగు ఉంది. ఎర్రటి బురద, దానిలో మెల్లగా ముందుకు పాకే బండి, మలుపు దగ్గర కేకలు వేసే జనం కళ్లముందు కదులుతున్నట్టు, చేతిలోని స్పానరు ఊరికే ఆగి ఆగి తిరుగుతోంది.

వెళ్లవలసిన రోజుకు ముందు సాయంత్రం చిన్న జల్లు పడింది. బురదకు ఇది మంచి పరీక్ష అనుకున్నాడు మామయ్య. ఉదయం మేనకోడలు, నర్సు షాపు ముందునుంచి చేతులు ఊపుతూ వెళ్లారు. మధ్యాహ్నం కాకముందే జీపు తిరిగి వచ్చింది. అంత తొందరగా పై ఊరికి వెళ్లి రావడం ఎవరివల్లా కాదని ఆయనకు తెలుసు. చేతిలో ఉన్న పని వదలలేదు కాని, ఆ పని ముందుకు సాగలేదు.

మేనకోడలు దిగింది. వెనక తలుపు తీసి, కోసుకుపోయిన టైరును దించి, దొర్లించుకుంటూ వచ్చి, ఎత్తి బల్ల మీద పెట్టింది. ఎవరు వచ్చినా చేసే పనే తానూ చేసి పక్కకు జరిగి నిలబడింది.

మామయ్య కళ్లజోడు నుదుటి మీదికి నెట్టాడు. అరచెయ్యి ఆనించాడు. బటన్ల అంచులు కొరికి ఉమ్మేసినట్టు పెచ్చులు లేచి ఉన్నాయి. పక్కభాగంలో కత్తితో గీసినంత సూటిగా ఒక కోత. సందుల్లో వేలు పెట్టి తిప్పాడు. నల్లరాతి పలుకులు రెండు మూడు గలగలమని బల్ల మీద పడ్డాయి. మట్టి లేదు. ఇంకొక సందు చూశాడు, ఆ పక్కది చూశాడు. చుట్టూ తిరిగివచ్చాక చెయ్యి అక్కడే ఉంచాడు.

"చెప్పండి," అంది భార్య, ఈసారి కిటికీలోంచి కాకుండా పందిరి కిందికే వచ్చి. ఆ గొంతులో వెటకారం లేదు.

"ఈ టైరు బురద మొహం చూడలేదు," అన్నాడు మామయ్య. "తడిసిన బండ మీద పట్టు దొరక్క పక్కకి జారింది. జారినప్పుడు రాయి అంచు పక్కన కోసింది."

"అవును. అక్కడికక్కడే ఆపేశాను," అంది మేనకోడలు. "స్టెప్నీ వేసుకుని వెనక్కి తిప్పుకున్నాను. ఎవరికీ ఏం కాలేదులే మామయ్యా. అన్నట్టు, రోడ్డు మీద మోత భరించలేక నర్సమ్మగారు చెవుల్లో దూది పెట్టుకున్నారు."

జీపులోంచి దిగుతున్న నర్సు చెవిలోంచి దూది తీసి చూపించింది. మామయ్యకు నవ్వు రాలేదు.

"డాక్టరుగారు ఏమంటారు?"

"దారిలోనే ఫోను చేశాను. వానలు దగ్గరపడ్డాయి కాబట్టి ఇంకొక్కసారి చూద్దామన్నారు. అదీ కుదరకపోతే ఇక ఆ మాట ఎత్తొద్దన్నారు."

లోపలి గదిలో రకరకాల టైర్లున్నాయి. వాటిలో ఏదో ఒకటి చూపించి ఇది వేసుకోమనడం పెద్ద పని కాదు. మామయ్య గది గుమ్మందాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు.

"రేపు నన్ను తీసుకెళ్లు," అన్నాడు.

"మీ నడుమో?" అంది భార్య.

"నడుము నాది కదా."

"నడుము మీదే. మూలుగులు వినాల్సింది నేను."

అని అంటూనే ఆవిడ మరునాడు ఉదయానికి రెండు దిండ్లు సిద్ధం చేసింది. ఒకటి సీటు మీద వేసి, ఒకటి వీపు వెనక ఆనించి, దుప్పటితో బిగించి కట్టింది. చిన్నపిల్లవాణ్ణి మొదటిసారి బడికి పంపుతున్నట్టు జీపు కదిలేదాకా తలుపు పట్టుకొని నిలబడింది.

కంకరదారి నడిమి ఊరిదాకా బాగానే ఉంది. కింద వాగు ఒడ్డున ఎప్పుడూ లేనంత ఎర్రమేట పరుచుకొని ఉండడం మామయ్య చూశాడు కాని దాని గురించి ఆలోచించలేదు. కొత్త కల్వర్టు దాటగానే ఆయన సర్దుకొని కూర్చున్నాడు. కంఠంలో ఉత్సాహం వచ్చింది.

"ఇప్పుడు గేరు తగ్గించు. రాబోయే మలుపే నేను దిగబడింది. ఎడమవైపు అంతా ఊబి. కుడి అంచు పట్టుకుని..."

మలుపు తిరిగింది. ఎడమవైపు ఊబి లేదు. కుడివైపు అంచు లేదు. దారి వెడల్పంతా ఏటవాలు నల్లబండ, దాని మీద విరిగి పడిన పదునైన రాళ్లు. జీపు దానికదే ఆగినట్టు ఆగింది.

మామయ్య తలుపు తీసి, నడుము పట్టుకొని దిగాడు. నర్సు కూడా దిగి ఆయన పక్కనే నడిచింది. ఆవిడకు ఆ చోటు అలవాటే. "ఈ రాయి దగ్గర ఎప్పుడూ ఆగి ఊపిరి పీల్చుకుంటాను," అని ఒక బల్లపరుపు రాయి చూపించింది.

"ఇక్కడ మట్టి ఉండేదమ్మా. మోకాలిలోతు మట్టి."

"ఉండేదట. కల్వర్టు కొట్టుకుపోయినప్పటి నుంచి నీళ్లన్నీ దారి మీదనుంచే పారాయి. ఏటేటా కొంచెం కొంచెం కిందికి వెళ్లిపోయింది."

మామయ్యకు వాగు ఒడ్డున చూసిన ఎర్రమేట గుర్తొచ్చింది. తాను దిగబడిన నేల, చెప్పులు మింగిన నేల, ఇన్నేళ్లూ తన కళ్లముందు చెక్కుచెదరకుండా ఉన్న ఆ నేల ఎప్పుడో కొండ దిగి వెళ్లిపోయింది. ఆయన వంగి, ఒక చెయ్యి నర్సు భుజం మీద ఆనించుకొని, రెండో అరచెయ్యి బండ మీద పెట్టి టైరును తడిమినట్టే తడిమాడు. నీళ్లు పారిన చోట బండ నున్నగా ఉంది, మిగతా చోట గరుకుగా ఉంది. ఒకచోట నల్లగా చారలు కనిపించాయి. అవి తాను ఎక్కించిన టైర్లు ముందురోజు జారుతూ వదిలిన రబ్బరు.

"అంతా రాళ్లేనని మీరు ముందే చెప్పారట. నేను వినలేదు," అన్నాడు.

"నాకేం కొత్త కాదు లెండి. మాత్రలు వేసుకోమంటే మీరంతా వింటున్నారా?" అంది నర్సు.

మేనకోడలు బండి దగ్గరనుంచి పిలిచింది. "ఇంతదూరం వచ్చాం కదా మామయ్యా, ఇవాళ బండ పొడిగానే ఉంది. మెల్లగా ఎక్కించి చూడనా?"

"ఈ టైర్లతో వద్దు," అన్నాడు. తరువాత, తిరిగివచ్చి దిండ్ల మధ్య కూర్చున్నాక, ఎవరినీ ఎన్నడూ అడగని ప్రశ్న అడిగాడు. "అమ్మడూ, ఈ బండి వారం మొత్తం ఎక్కడెక్కడ తిరుగుతుంది?"

"తారురోడ్డు మీదే. కంకర మీద ఒక పూట. ఈ బండ మీద, దేవుడి దయవల్ల ఎక్కగలిగితే, ఆ పూటలోనే కాసేపు."

షాపుకు చేరాక ఆయన ఏరి తీసిన టైర్లు చూడటానికి ఏమంత గొప్పగా లేవు. బటన్లు చిన్నవి, దగ్గర దగ్గరగా అమర్చినవి. ప్రతి బటన్ మీద సన్నని చీలికలున్నాయి, తడిరాయి మీద పట్టు ఇచ్చేది అవే. పక్కభాగం మాత్రం దళసరి. నొక్కి చూస్తే బొటనవేలు నొప్పిపుట్టింది. వాటిని ఎక్కిస్తూ ఆయన మేనకోడలికి ఒక్కటే చెప్పాడు.

"బండ మొదట్లో ఆగి, అన్ని చక్రాల్లోంచీ కాస్త గాలి తీసెయ్యి. టైరు మెత్తబడి రాయిని వాటేసుకుంటుంది. మరీ తీసెయ్యకు, రాయికీ రిమ్ముకీ మధ్య రబ్బరు నలిగిపోతుంది. దిగేటప్పుడు నిదానంగా వచ్చి నా దగ్గర ఆగు. గాలి నింపకుండా తారురోడ్డు ఎక్కావంటే టైరు వేడెక్కి చీలుతుంది."

"ఆగకుండా ఎవరు పోనిచ్చారు మామయ్యా ఇన్నాళ్లూ?" అంది ఆమె.

రెండోసారి వెళ్లిన రోజున ఆకాశం మూసుకొని ఉంది. మామయ్య వెళ్లలేదు. దిండ్లు ఉన్నా నడుము ఒప్పుకోలేదు. మధ్యాహ్నం దాటింది. ఒక లారీ డ్రైవరు టైరు బల్ల మీద పెట్టి, ఎక్కడ తిరిగానో చెప్పమన్నాడు. మామయ్య చెయ్యి తిప్పుతూనే కొండవైపు చూస్తుండడంతో, "నా టైరు అటు వెళ్లలేదు మామయ్యా," అని డ్రైవరు గుర్తుచేయవలసివచ్చింది. చినుకులు మొదలయ్యాయి. భార్య రెండుసార్లు వచ్చి టీ గ్లాసు చూసింది. టీ అలాగే ఉంది.

పొద్దు వాలుతుండగా జీపు దిగివచ్చింది. టైర్లు మెత్తగా, కింద కొంచెం పరుచుకొని నడుస్తున్నాయి. అంటే గాలి తీశారు. బండదాకా అయితే వెళ్లారు. మేనకోడలు గాలి యంత్రం పక్కన బండి ఆపి దిగింది. నర్సు దిగింది. ఇద్దరి ముఖాల్లోనూ ఏమీ కనిపించకుండా జాగ్రత్తపడుతున్నారని తెలుస్తోంది.

"చెప్పు మామయ్యా, ఎక్కడికి వెళ్లొచ్చానో," అంది మేనకోడలు.

బల్ల మీదికి ఎత్తడానికి టైరు విప్పాలి. అంత ఓపిక ఆయనకు లేదు. మెల్లగా మోకాళ్ల మీద కూర్చొని ముందుచక్రం మీద అరచెయ్యి ఆనించాడు. పక్కభాగం చుట్టూ తడిమాడు. గీతలున్నాయి, కోత లేదు. బటన్ల అంచులు గరుకెక్కాయి, పెచ్చులు లేవలేదు. ఒక సందులోంచి నల్లరాతి పలుకు తీసి పక్కన పెట్టాడు. పక్క సందులో చూపుడువేలు ఆగిపోయింది.

అక్కడ ఎర్రగా ఉంది.

ఆయన వెలుగువైపు జరిగి చూశాడు. తడిసిన ఎరుపు, చిక్కటి ఎరుపు. చూశావా, నా మట్టి ఇంకా మిగిలే ఉందని అనడానికి నోటిదాకా వచ్చింది. భార్య పందిరి గుంజకు ఆనుకొని ఆయననే చూస్తోంది. మామయ్య ఆ ఎరుపును గోటితో తీసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపాడు. అది మెత్తగా సాగలేదు. గరగరలాడింది. మళ్లీ నలిపాడు.

"కంకర తెలుస్తోంది. బండ తెలుస్తోంది," అన్నాడు నిదానంగా. "ఇది మాత్రం నాకు తెలీదు అమ్మడూ. నా కాలంలో ఈ దారిలో ఇది లేదు. ఏంటిది?"

మేనకోడలు ముఖం అప్పుడు విచ్చుకుంది.

"ఇటుకపొడి మామయ్యా. పై ఊళ్లో బండి తిప్పుకోవడానికి చోటు చదును చేసి, పాత ఇటుకలు కొట్టి పరిచారు. పోయినసారి మేం వస్తామని తెలిసినప్పుడే పరిచారట. అప్పటినుంచి దాని మీద కోళ్లు కూడా తిరగనివ్వట్లేదు."

"కోళ్లు తిరగనివ్వడం లేదు కాని, బండి ఎక్కి చూస్తామని పిల్లలందరూ దాని మీదే ఉన్నారు," అంది నర్సు. "వచ్చే వారం ఎవరెవరిని చూడాలో కూడా చెప్పేశారు. డాక్టరుగారికి ఫోనులో చెప్పాను. సరేనన్నారు."

మామయ్య తల ఊపాడు. లేవడానికి చెయ్యి చాచాడు. మేనకోడలు ఒక చెయ్యి, భార్య ఒక చెయ్యి పట్టుకున్నారు. లేచి నిలబడ్డాక వేళ్లకు అంటిన ఎరుపును తుడుచుకోకుండానే గాలి గొట్టం అందుకొని, ముందుచక్రం వాల్వు మూత తీశాడు.

"తిప్పుకునే చోటు ఎంత వెడల్పు పెట్టారు?" అని అడిగాడు, గాలి ఎక్కుతున్న చప్పుడు మీదుగా.

"ఎందుకు మామయ్యా?"

"ఇరుగ్గా తిప్పితే ముందు టైర్లు ఒకపక్కే అరుగుతాయి. ఇంకొంచెం వెడల్పు చెయ్యమని చెప్పు."

"రెండు దిండ్లు ఉన్నాయిగా," అంది భార్య. "ఒకసారి మీరే వెళ్లి చెప్పి రండి."

ఆయన మీటరు చూసి, రెండో చక్రం దగ్గరికి జరిగాడు.